నడక నేర్చుకోని కండ

దాలమ్మ కాలికి తొడుగు కట్టే ముందు, పరిశోధనశాలలో పనిచేసే భానోజీ తన ప్యాంటు మోకాలి దాకా మడిచి, నీలం పెన్నుతో సొంత కాలి మీదే బొమ్మ గీసి చూపించాడు. మోకాలి కింద ఎముక పక్కన మొదలుపెట్టి, చీలమండ ముందు నుంచి దించి, పాదం లోపలి అంచున బొటనవేలి మొదట్లో గీత ఆపాడు.

"ఇదిగో పిన్నీ, ఇదే ఆ కండ. చూడ్డానికి ఎంతనీ, జానెడు. ఇది లేదనుకో, పాదం తెగిన చెప్పులా కిందికి వేలాడిపోద్ది. అడుగేసిన ప్రతిసారీ బొటనవేలు నేలకి రాసుకోకుండా పైకెత్తేది ఇదే. వెనకాల పిక్క ఉంది చూడు, అది బండి లాగే ఎద్దు. ఇది పగ్గం పట్టుకున్న మనిషి."

దాలమ్మ ఆ గీత వంకే చూసింది. "ఆ సిరా కడిగితే పోతాదా బాబూ? ఒంట్లోకి దిగిపోదు గదా?" అంది.

భానోజీ నవ్వాడు. డాక్టర్ సువర్చల నవ్వలేదు. ఆమె ఒక గాజు గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల లేత ఎరుపు నీళ్లలో బొమ్మిడాయి చేపలాంటిదొకటి మెల్లగా ఊగుతోంది.

"మీ పిక్క వెనకనుంచి కొన్ని నెలల కిందట సన్నటి పోగు తీశాం, గుర్తుందా? ఆ కండ కొందరికి పుట్టుకతోనే ఉండదు. ఉన్నవాళ్లకీ దానితో పెద్ద పని లేదు. ఆ పోగునే ఇంత చేశాం. పెంచడం మాకు వచ్చింది దాలమ్మగారూ. నడక నేర్పడమే రాలేదు. ఇది పచ్చి కండ. దీనికి పని తెలియదు. నడిచే మనిషి కాలికి ఆన్చి కట్టాలి. తొడుగులో వెంట్రుకల్లాంటి తీగలుంటాయి. మీ కాలికి మీ ఒళ్లు చెప్పే మాటలన్నీ ఇది వింటుంది. ఎనభై రోజులు. తర్వాత మీ అమ్మాయి ఢిల్లీ కాల్లో పెట్టి కుడతాం."

"పిల్ల రెండో కాలికి కట్టకూడదామ్మా?"

"ఒక కాలు కుంటితే రెండో కాలి నడకా మారిపోతుంది. ఆ కుంటి నడకే దీనికీ వస్తుంది. మీరే నడవాలి. గట్లెక్కండి, బురదలో దిగండి, బస్సు కోసం పరిగెత్తండి. రోజూ ఎలా తిరుగుతారో అలాగే. మీరు నడిచిన నడకే మీ అమ్మాయి నడక."

ఆ చివరి మాట దాలమ్మ గుండెలో రాయిలా పడింది.

ఆమెది పలాస దగ్గర ఊరు. జీడిపప్పు పొట్టు తీసే పని. భర్త దండాసి పారాదీప్ బోట్ల మీదికి పోయి మూడు నెలలకోసారి వస్తాడు. ఇంట్లో అత్త ఎర్రమ్మ, కూతురు ఢిల్లీశ్వరి, ఒక నల్లమేక. దాలమ్మ చదివింది ఐదో తరగతి వరకే గానీ, భయపడ్డంలో మాత్రం ఆమెకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఉరిమితే కరెంటు తీగ తెగిందనుకుంటుంది. కూతురు రెండుసార్లు దగ్గితే క్షయ అనుకుంటుంది. కాలేజీ బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే లోయలో పడిందని ఏడుపు మొదలుపెడుతుంది. ఆ దారిలో లోయే లేదు.

అలాంటి మనిషి ఒక్కరోజు భయపడడం మరిచిపోయింది. గాలివానకి రాలిన జీడిపిక్కలు ఎవరైనా ఏరుకుపోతారేమోనని తెల్లవారగానే ఢిల్లీని తోటకి పంపింది. చెప్పులేసుకోమని కూడా అనలేదు. ఎండుటాకుల కింద రక్తపింజర ఉంది.

ప్రాణం దక్కింది. మోకాలి కింద ముందువైపు కండ మాత్రం విషానికి కుళ్లిపోతే డాక్టర్లు కోసి తీసేశారు. కబడ్డీలో కాలు చాచి, బొటనవేలి కొసతో అవతలివాళ్లని తాకి వచ్చేసే పిల్ల, ఇప్పుడు గచ్చు మీద కాలీడుస్తూ నీళ్ల బిందె దాకా పోతోంది. ఆ ఈడ్పు చప్పుడు విన్నప్పుడల్లా దాలమ్మ చెవులు మూసుకునేది. అందుకే విశాఖలో ఈ పరిశోధన సంగతి ఎవరో చెప్పగానే, ఏ కాగితం మీద పెట్టమంటే ఆ కాగితం మీద వేలిముద్ర, సంతకం రెండూ పెట్టింది. ఒకటి చెల్లకపోతే రెండోది ఉంటుందని.

తొడుగుతో ఇంటికి రాగానే ఎర్రమ్మ కోడలి కాలిని ఇటూ అటూ తిప్పి చూసింది.

"లోపల పేణమున్నదేనేటే?"

"ఉంది అత్తా. ఎచ్చగ ఉంది. అప్పుడప్పుడు కదుల్తాంది."

"అయితే మరి కడుపుతో ఉన్నట్టే లెక్క. కడుపులోనుంటే ఏటి, కాలి మీదుంటే ఏటి? బరువులెత్తకు. తాడు దాటకు. గబగబా నడవకు."

దాలమ్మకి ఆ మాట నచ్చింది. నచ్చడమేమిటి, అంతకు ముందు నుంచే ఆమె మనసులో ఉన్న మాట అది. ముగ్గురు బిడ్డలు కడుపులోనే పోయాక నాలుగోసారి ఢిల్లీ నిలిచింది. అప్పుడు తొమ్మిది నెలలూ మంచం దిగలేదు. కదలకుండా ఉంటేనే బిడ్డ నిలుస్తుందని ఆమె ఒంటికి తెలుసు. డాక్టరమ్మ చదువుకున్న మనిషే. కానీ గట్టెక్కి జారితే? బురదలో పురుగుంటే? బస్సు కోసం పరిగెత్తి పడిపోతే, ఈ లేత కండ తెగిపోతే, ఢిల్లీకి మళ్లీ పోగు తీయడానికి తన కాల్లో ఇంకేముంది?

పనికి పోవడం మానేసింది. అలికిన నేల మీదే పాదం పరిచి పరిచి, కాలివేళ్లతో నేలని పట్టుకుని నడిచేది. గడప దగ్గరికొచ్చి ఆగేది. తలుపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, అప్పుడు దాటేది. వీధిలో లారీ హారను మోగితే చాలు, వేళ్లు ముడుచుకుని నిలబడిపోయేది. నలభయ్యో రోజున గ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణమప్పుడు కాలు ముడవకూడదు కాబట్టి, చీకటి గదిలో చాప మీద కట్టెలాగ నాలుగు గంటలు పడుకుంది. ఒంటి మీద దోమ వాలినా తోలలేదు.

ఒక్కటే చిక్కు. లెక్క చూసే పట్టీ ఒకటి విడిగా ఇచ్చారు. చీలమండకి కట్టుకుంటే రోజుకెన్ని అడుగులు పడ్డాయో విశాఖలో తెలుస్తుంది. నాలుగో రోజు భానోజీ ఫోను చేశాడు.

"పిన్నీ, మూడొందల అడుగులేనా? మంచం మీంచి దిగుతున్నావా అసలు?"

"ఒంట్లో బాగునేదు బాబూ. రేపట్నుంచి నడుస్తాను."

మర్నాడు దాలమ్మ ఆ పట్టీ విప్పి నల్లమేక కాలికి కట్టింది. ఆ మేక ఊరంతా తిరిగింది, గట్లెక్కింది, ఎవరి పెరట్లోనో దూరి తన్నులు తినబోయి పరిగెత్తింది. రోజుకి ఏడువేలు, ఎనిమిదివేలు. "శభాష్ పిన్నీ!" అన్నాడు భానోజీ. ఆ మాట విన్న రోజున ఆమెకి అన్నం సయించలేదు. అయినా పట్టీ విప్పలేదు. కాలి మీద కండ నిలవాలి. మిగతావన్నీ తర్వాత.

కండ నిలిచింది. ఢిల్లీ కాల్లో కుట్టారు. మూడు వారాలకి ఆ పిల్ల మంచం మీద కూర్చుని పాదం పైకెత్తింది. ముందు బొటనవేలు వణికింది, తర్వాత పాదమంతా నిదానంగా లేచింది. దాలమ్మ డాక్టరమ్మ కాళ్ల మీద పడబోతే ఆమె పట్టుకుని లేపింది. ఆ రోజు వార్డులో అందరికీ బెల్లం జీళ్లు పంచారు.

నడిపించినప్పుడు తెలిసింది.

నున్నటి గచ్చు మీద ఢిల్లీ బాగానే నడిచింది. వార్డు గుమ్మం దగ్గరికొచ్చేసరికి పాదం ఆగిపోయింది. వేళ్లు లోపలికి ముడుచుకుని గచ్చుని గీరాయి. చీలమండ కొయ్యబారిపోయింది. పిల్ల ముఖం చెమట పట్టింది.

"ఎత్తు ఢిల్లీ," అన్నాడు భానోజీ.

"ఎత్తుతున్నానన్నా. నాను ఎత్తమంటుంటే అది ఒద్దంటాంది."

మెట్టు దగ్గర అదే. తడి నేల మీద అదే. కారిడార్లో ట్రాలీ ధడాలున తగిలితే నడుస్తున్న పిల్ల నిలువునా ఆగి బోర్లా పడింది. పై పెదవి చిట్లింది. దాలమ్మ రక్తం తుడుస్తూ ఆ పాదాన్ని చూసింది. ముడుచుకున్న ఆ వేళ్లు ఆమెకి తెలుసు. ఎనభై రోజులు తలుపు పట్టుకుని నిలబడి, కిందికి చూసుకున్నవి ఆ వేళ్లే.

వారం పోయాక సువర్చల తల్లీకూతుళ్లని గదిలోకి పిలిచింది. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది.

"ఆరు లక్షల అడుగులు నడిచారు దాలమ్మగారూ. మా దగ్గర అన్ని లెక్కలూ ఉన్నాయి. అయినా ఈ కండకి నడక రాలేదు. అంటే తప్పు మీది కాదు, మా ఆలోచనదే. పెంచిన కండ నేర్చుకోలేదని రాసి ఈ పని ఆపేస్తున్నాం. ఇంకో ఎనిమిది మంది ఎదురు చూస్తున్నారు. వాళ్లకీ చెప్పేయాలి."

"నా కాల్లోది?" అంది ఢిల్లీ.

"నరం పూర్తిగా అతుక్కునే లోపల తీసేయాలమ్మా. ఉంటే నిన్ను ఇలాగే పడేస్తుంటుంది. ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఆ తర్వాత ఏది నేర్చుకుందో అదే ఖాయం."

ఢిల్లీ ఏడవలేదు. తల వంచుకుని కట్టు అంచు సరిచేసుకుంది. అది చూసి దాలమ్మ నోరు తెరుచుకుంది.

"మేక నడిచినాది డాట్రమ్మా."

"ఏమిటి?"

"ఆ అడుగులు నావి కావు. పట్టీ మేకకి కట్టినాను. నాను ఇల్లు కదల్నేదు. తెగిపోతాదని బయమేసినాది." ఆమె పూర్తిగా చెప్పింది. గడప దగ్గర నిలబడడం, లారీ హారన్లు, గ్రహణం నాడు కట్టెలా పడుకోవడం. "అది సదువు రాని కండ కాదమ్మా. నాను సెప్పిందే నేర్సుకున్నాది. ఆ ఎనిమిది మందికీ ఆపీకండి. నన్ను కొట్టండి, జైల్లో ఎయ్యండి."

సువర్చల కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ముందు ఆమె ముఖంలో కోపం పొంగింది. "మేకా!" అంది. "రెండేళ్ల పని. నేను నిద్రపోయి పది రోజులైంది తెలుసా మీకు?" తర్వాత లేచి, తొడుగు విన్నవాటి గీతలు తెర మీద మళ్లీ పెట్టింది. ఒక చోట వేలు ఆనించి చాలాసేపు చూసింది. నాలుగు గంటలపాటు సాఫుగా, ఒక్క వణుకు కూడా లేని గీత. "ఇది గ్రహణం," అంది మెల్లగా. "ఇది కూడా నేర్చుకుంది."

ఢిల్లీ తల్లి వైపు తిరిగింది. "మేకకి కట్టినావా అమా?"

"తిట్టే తల్లీ. తిట్టు."

"తోటకి పంపినప్పుడు బయం నేకపోయె. బాగు సెయ్యమన్నప్పుడు బయం వొచ్చినాదా నీకు?"

ఒక దారి ఉందని సువర్చల ఆ సాయంత్రమే చెప్పింది. తల్లి కాల్లోంచి కూతురి కాల్లోకి నేరుగా తీగ వేయాలి. ఇద్దరూ పక్కపక్కనే నడవాలి. తల్లి పాదం ఏం చేస్తే కూతురి పాదం అప్పటికప్పుడు అది వింటుంది. భానోజీయో ఇంకొకరో నడిచి నేర్పడం కుదరదు. ఆ కండకి దాలమ్మ మాటే అలవాటు.

"కానీ ఒకటి వినండి. ఈసారి సూది మీ కండలోకే దిగుతుంది. మీ కాలికి వెళ్లే ఆజ్ఞల్లో సగం అటు పోతాయి. పద్దెనిమిది రోజుల్లో మీ కండ సన్నబడుతుంది. మళ్లీ కోలుకుంటుందని నేను మాటివ్వలేను."

ప్రతిదానికీ పది ప్రశ్నలడిగే దాలమ్మ దీనికి ఒక్కటీ అడగలేదు. కాలు చాపింది.

పరిశోధనశాల ఎదురుగా పెద్ద రోడ్డు, రోడ్డు దాటితే ఇసుక, సముద్రం. ఒకరి మోకాలి నుంచి ఇంకొకరి మోకాలికి మూరెడు పొడవు తీగతో ఇద్దరాడవాళ్లు ఇసుకలో నడుస్తుంటే మొక్కజొన్న పొత్తులమ్మేవాళ్లు వింతగా చూసేవారు. "ఏటి పిన్నీ, కూతురు పారిపోతాదని కట్టేసుకున్నావా?" అని ఒకామె అడిగింది. "అదే మరి," అంది ఢిల్లీ. అంతకు మించి తల్లితో ఆ పిల్ల మాట్లాడలేదు మూడు రోజులు.

అల వెనక్కి పోతూ అరికాళ్ల కింద ఇసుక లాగేస్తుంటే దాలమ్మ వేళ్లు బిగుసుకునేవి. వెంటనే పక్కన ఢిల్లీ వేళ్లూ బిగుసుకునేవి. నాలుగో రోజు ఒక కుక్క అడ్డంగా పరిగెత్తింది. "జాగర్త!" అని దాలమ్మ కేక పెట్టింది. ఢిల్లీ దబ్బున కూలబడింది. తీగ విప్పి చూసినా అంతే. తల్లి అరిస్తే చాలు, పాదం కొయ్యబారిపోతోంది.

"చిన్నప్పటి నుంచీ మీ కేక వింటే ఆ అమ్మాయి ఉలిక్కిపడుతుంది," అంది సువర్చల. "ఆ గోరంత ఉలికిపాటుని ఈ కండ కొండంత చేస్తోంది. భయపడకండి దాలమ్మగారూ."

"అది నా సేతిలో నేదమ్మా. గుండెని కొట్టుకోకంటే ఊరుకుంటాదా?"

సువర్చల తీగ మళ్లీ తగిలించింది. "అయితే భయపడండి. అడుగు మాత్రం ఆపకండి. నోరు తెరవకండి."

ఆ రెండు పనులూ దాలమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చేయలేదు. ఆ రోజు నుంచి చీర కొంగు మడిచి పళ్ల మధ్య పెట్టుకుని నడిచింది. మెట్లెక్కింది. ఆగివున్న సిటీ బస్సు ఫుట్‌బోర్డు ఎక్కి దిగింది, ఎక్కి దిగింది. పాచి పట్టిన రాళ్ల మీద నడిచింది. ప్రతి అడుగుకీ ప్రాణం పోయేది. వేళ్లు ముడుచుకునేవి. ముడుచుకున్న పాదాన్నే పళ్లు బిగించి ఎత్తేది. పక్కన ఢిల్లీ పాదం కూడా ముందు ముడుచుకునేది, తర్వాత లేచేది. పదకొండో రోజున మెట్ల మీద ఢిల్లీ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. పడిపోకుండా ఉండడానికేనని దాలమ్మ అనుకుంది. మెట్లయిపోయాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది.

పదమూడో రోజున దాలమ్మ చెప్పు జారింది. పద్నాలుగో రోజున గచ్చు మీద ఈడ్పు చప్పుడు వినబడితే కూతురి వైపు చూసింది. ఢిల్లీ కాలు కాదు. అది తనదే.

"అమా, ఇంక సాలు. విప్పేద్దాం," అంది ఢిల్లీ.

దాలమ్మ నోట్లో కొంగు ఉంది. తల అడ్డంగా ఊపింది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం తీగ తీసేశారు. సువర్చల ఇద్దరి కాళ్లూ తడిమి చూసింది. ఢిల్లీ ఎముక పక్కన కండ వేలికి నిండుగా తగిలింది. దాలమ్మ ఎముక పక్కన చిన్న పల్లం. ఆ పల్లం మీద డాక్టరమ్మ వేలు కొంచెంసేపు ఆగిపోయింది. మిగతా ఎనిమిది మంది కోసం రాసిన కాగితంలో ఒక వాక్యం చేర్చానని మాత్రం చెప్పింది. లెక్క పట్టీని ఇకనుంచి తొడుగులోనే కుట్టేస్తారట. "మేకలు బతికిపోయాయి," అన్నాడు భానోజీ.

గేటు దాటాక బస్సు స్టాపు రోడ్డుకి అవతల ఉంది. సాగనంపడానికి భానోజీ వెంట వచ్చాడు.

"నాను ముందు ఎల్తాను," అంది ఢిల్లీ. "నువ్వు ఇక్కడే ఉండు. తోడు రాకు."

దాలమ్మ చెయ్యి వదిలింది. ఢిల్లీ రోడ్డు మీదికి దిగింది. ఒక అడుగు, రెండడుగులు, మామూలు పిల్లలాగే. నడిరోడ్డు దాకా పోయేసరికి మలుపులోంచి ఎర్ర బస్సొకటి వచ్చింది. హారను చెవులు చిల్లులు పడేలా మోగింది. చెప్పులోంచి ఆ వేళ్లు ముడుచుకోవడం దాలమ్మ ఇక్కడినుంచే చూసింది. పాదం ఆగిపోయింది.

జాగర్త అన్న మాట ఆమె గొంతులోకి వచ్చేసింది. కొంగు అందలేదు. తన మణికట్టునే నోట్లో పెట్టుకుని కొరికింది. భానోజీ ఏదో అనబోతే రెండో చేత్తో అతని నోరు కూడా మూసేసింది. బస్సు పెద్దదవుతోంది. ఆ పాదం ముడుచుకునే ఉంది. ఉండి, అలా ముడుచుకుని ఉండగానే, మడమ లేచింది. బొటనవేలు లేచింది. పాదం ముందుకి పడింది. ఆ వెనక రెండో పాదం. బస్సు ఇద్దరి మధ్య నుంచి రొద చేసుకుంటూ పోయింది. అది పోయాక చూస్తే, ఢిల్లీ అవతల గట్టు మీద నిలబడి, బస్సుల బోర్డులు చదువుతోంది.

దాలమ్మ నోట్లోంచి చెయ్యి తీసింది. మణికట్టు మీద పళ్ల గుర్తులు ఎర్రగా పడ్డాయి.

"నేను దాటించనా పిన్నీ?" అన్నాడు భానోజీ.

"ఒద్దు బాబూ."

ఎత్తమంటే ఆమె పాదం లేవలేదు. ముందు మోకాలు పైకెత్తితే దాని కింద పాదం వేలాడుతూ లేచింది. దాలమ్మ అటూ ఇటూ చూసుకుని, ఆ పాదాన్ని చెట్టుకొమ్మ కాయని మోసినట్టు మోకాలితో మోసుకుంటూ, వణుకుతూనే రోడ్డు మీదికి దిగింది.